నిజం పక్కన నవల: జోడీ చదువు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జోడీ చదువు అంటే ఏమిటి?

ఒక నాన్ ఫిక్షన్ పుస్తకం, ఒక నవల. రెండూ ఒకే కాలాన్నో, ఒకే సమస్యనో, ఒకే నేలనో పట్టుకున్నవి. మధ్యలో వేరే పుస్తకం పెట్టుకోకుండా ఒకదాని వెంట ఒకటి చదవడమే జోడీ చదువు. ఏ చట్టం ఎప్పుడొచ్చింది, ఎన్ని ఎకరాలు చేతులు మారాయి, ఎందరు జైలుకెళ్లారు అన్నది చరిత్ర పుస్తకం చెబుతుంది. అందులో ఒక ఎకరం పోగొట్టుకున్నవాడు ఆ రాత్రి ఇంటికెళ్లి పెళ్లాంతో ఏమన్నాడో నవల చెబుతుంది. రెండూ తెలిస్తే గానీ ఆ ఎకరం సంగతి పూర్తిగా తెలిసినట్టు కాదు.

ఒకే విషయం మీద రెండు పుస్తకాలు ఏరుకుంటే సరిపోతుందా?

సరిపోదు. ఎక్కువమంది జోడీలు మధ్యలోనే వదిలేసేది ఇందుకే. రెండు పుస్తకాలూ ఒకే మాట చెబుతుంటే రెండోది చదవడానికి ఓపిక ఉండదు. మొదటి పుస్తకం తేల్చకుండా వదిలేసిన ప్రశ్నను రెండోది అందుకోవాలి. లేదా మొదటిది గట్టిగా చెప్పిన మాటను రెండోది కాదనాలి. పోట్లాడుకునే జోడీలే నాలుగు కాలాలు గుర్తుంటాయి.

ఆదిలాబాద్ గోండుల సంగతే చూడండి. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల ఉంది. దాని పక్కన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పుస్తకం పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్ ఆదివాసుల మీద ఆయన రాసింది తెలుగులో ‘మనుగడ కోసం పోరాటం’ పేరుతో వచ్చింది. హైమెన్‌డార్ఫ్ ఆస్ట్రియా మనిషి. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి బ్రిటిష్‌వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు. అందుకని ఆయన్ని హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నారు. ఇక్కడ ఉండిపోవాల్సి వచ్చింది కాబట్టే గోండులు, చెంచులు, కొండరెడ్ల మధ్య ఏళ్ల తరబడి తిరిగాడు. 1940లో జోడేఘాట్‌లో భీంను కాల్చి చంపాక, అసలు ఈ గొడవ ఎందుకొచ్చిందో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించింది. హైమెన్‌డార్ఫ్ వెళ్లి చూసి నివేదికలు ఇచ్చాడు. గోండులకు పట్టాలివ్వడం, మార్లవాయిలో గోండు పిల్లల కోసం పంతుళ్లను తయారుచేసే కేంద్రం పెట్టడం ఆ తర్వాతి సంగతులు. ఆయనవీ ఆయన భార్య బెట్టీవీ సమాధులు ఇప్పటికీ మార్లవాయిలో ఉన్నాయి.

నవలలో భీం కేంద్రం. తిరుగుబాటే న్యాయం. హైమెన్‌డార్ఫ్ పుస్తకంలో భీం కథ ఓ చిన్న భాగం. అటవీశాఖ గీసిన హద్దులు, బయటినుంచి వచ్చి భూములు రాయించుకున్నవాళ్లు, దొంగ పట్టాలు, కింది ఉద్యోగుల మామూళ్లు - మిగతా పుస్తకమంతా వీటి గురించే. నవల ముగించి ఇది అందుకుంటే ఓ ఇబ్బందికరమైన ప్రశ్న ఎదురవుతుంది: పట్టాలు వచ్చింది భీం తుపాకీ వల్లా, హైమెన్‌డార్ఫ్ నివేదిక వల్లా? తుపాకీ పేలకపోతే నివేదిక అడిగేవాడే ఉండడు. నివేదిక లేకపోతే పట్టాలు వచ్చేవా? ఏ ఒక్క పుస్తకం చదివినా ఈ సందేహం రాదు.

ముందు ఏది చదవాలి? నవలా, నాన్ ఫిక్షనా?

ఎక్కువసార్లు నవలే. మనుషులు ముందు మనసులో పడితే, తర్వాత వచ్చే తేదీలు, చట్టాలు ఎవరి మెడకు చుట్టుకున్నాయో తెలుస్తూ ఉంటుంది. అయితే నవల నడిచే కాలం మనకు బొత్తిగా తెలియనిదైతే పద్ధతి మార్చాలి. వతన్‌దారు, దేశ్‌ముఖ్, వెట్టి, లెవీ ఇవేవీ తెలియకుండా నిజాం కాలపు నవల పట్టుకుంటే సగం పేజీలు పైపైనే జారిపోతాయి. అప్పుడు చరిత్ర పుస్తకం మొదటి రెండు మూడు అధ్యాయాలు చదివి ఆపండి, నవల ముగించండి, మళ్లీ చరిత్రకు రండి. ఇలా చదివితే ఎవరూ ఏమనరు.

తెలంగాణ సాయుధ పోరాటం మీద చదవాలనుంది. పుస్తకాలు చాలా ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మేం ఎక్కువగా సలహా ఇచ్చేది ఈ జోడీనే. అందుకని కాస్త వివరంగా.

నవల వైపు వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ గానీ, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ గానీ తీసుకోండి. మొదటిదాంట్లో కంఠీరవం అనే కుర్రవాడు దొర దౌర్జన్యం చూస్తూ పెరిగి, ఆంధ్రమహాసభ రాజకీయాల్లోకి వస్తాడు. రాతలో నునుపు తక్కువ. కానీ రాసినవాడు ఆ పల్లెల్లో కాలినడకన తిరిగినవాడు. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుంటూ ఊరూరా అమ్మిన మనిషి. ఆ దుమ్ము నవలకు అంటుకునే ఉంది. రెండోది చదివించే నవల. బతుకుదెరువు కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి ఓ సంగీతం మాస్టారు తెలంగాణ పల్లెకు వస్తాడు. దొర ఉండే గడీ లోపల ఏం జరుగుతోందో అతనితోపాటు మనమూ కొత్తగా చూస్తాం. దొరసానితో పాటు అరణంగా, అంటే పుట్టింటి కానుకగా, వచ్చే దాసీల, ఆడబాపల బతుకు ఎలాంటిదో పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం ఉంటే గొప్ప. ఇక్కడ ఆడబాపకు పేరుంటుంది, గొంతుంటుంది.

నాన్ ఫిక్షన్ వైపు అందరూ వెంటనే పుచ్చలపల్లి సుందరయ్య ‘వీర తెలంగాణ విప్లవ పోరాటం - గుణపాఠాలు’ చెబుతారు. అది చదవాల్సిందే, సందేహం లేదు. 3,000 గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపకం, ప్రాణాలు పోగొట్టుకున్న 4,000 మంది - మనం తరచూ వినే ఈ లెక్కలు అక్కడివే. కానీ అది పార్టీ నాయకుడు రాసిన లావుపాటి పుస్తకం. నవల పక్కన పెట్టేసరికి రెండూ ఒకే దిక్కుకు చూస్తాయి.

అందుకే నేనైతే స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పెట్టుకోమంటాను. పోరాటంలో ఉన్న ఆడవాళ్లు దశాబ్దాల తర్వాత చెప్పుకున్న మాటలు అవి. చాకలి ఐలమ్మ ఉంది, మల్లు స్వరాజ్యం ఉంది. దళంతో అడవిలో తిరుగుతూ, ఆ తిరుగుడులో పసిబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ ఉంది. తుపాకీ పట్టిన రోజుల గురించి వాళ్లు చెబుతుంటే గొంతులో ఉత్సాహం వినిపిస్తుంది. 1951లో పోరాట విరమణ తర్వాతి రోజుల దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు మారుతుంది. ఇక ఇంటికెళ్లండి, సంసారాలు చేసుకోండి అన్నారు. ఏ ఇంటికి? వదిలి వచ్చిన ఇంటికా?

మన పోరాట నవలలు చాలావరకు పోరాటం దగ్గరే ఆగిపోతాయి. ఈ పుస్తకం ఆ ఆగిన చోట నుంచి నడుస్తుంది. దీని తర్వాత నవల మళ్లీ తిరగేస్తే అందులోని ఆడ పాత్రలు వేరేగా కనిపిస్తాయి.

1948లో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానం మీదికి వచ్చిన పోలీసు చర్య, దాని అనంతర పరిణామాల మీద ఆసక్తి ఉంటే ఎ.జి. నూరానీ ‘ది డిస్ట్రక్షన్ ఆఫ్ హైదరాబాద్’ కూడా చూడండి. ఆ రోజుల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండ గురించి చెప్పిన, చాలాకాలం బయటికి రాని సుందర్‌లాల్ కమిటీ నివేదిక అందులో అచ్చయింది. ఆ పుస్తకం ముగించాక మనసు బాగుండదు, ముందే చెబుతున్నాను.

కులం మీద మంచి జోడీ చెప్పండి.

ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’, వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’.

‘మాలపల్లి’ని ఉన్నవ రాయవేలూరు జైల్లో ఉండగా రాశారు. 1922లో వచ్చింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది కూడా. రామదాసు కుటుంబం మాలపల్లెలో కాస్త స్థితిపరులే. వాళ్ల కొడుకు సంగదాసు చౌదరయ్య దెబ్బకు చనిపోతాడు. భూమి పోతుంది, కుటుంబం చెల్లాచెదరవుతుంది. ఇంత జరిగినా రామదాసు వేదాంతం వీడడు. ఆ కాలానికి ఈ నవల రావడం ఎంత పెద్ద సంగతో ఎంత చెప్పినా తక్కువే. కానీ రాసినవాడు బ్రాహ్మణ సంస్కర్త. తన హీరోని మహాత్ముడిగా నిలబెడితే గానీ పాఠకులు జాలిపడరన్న బెంగ అక్కడక్కడా కనిపిస్తుంది.

‘మా నాయన బాలయ్య’ దగ్గర ఆ బెంగ లేదు. కరీంనగర్ పల్లెలో మొదలైన మాదిగ కుటుంబం మూడు తరాల్లో రైల్వే పనుల మీదుగా చదువుల్లోకి ఎలా వచ్చిందో ఆ ఇంటి కొడుకే రాశాడు. మొదట్లోనే ఓ ఘట్టం ఉంటుంది. రచయిత ముత్తాత కుట్టిన చెప్పులకు మెచ్చి నిజాం ఆయనకు 50 ఎకరాలు ఇనామిస్తాడు. మాదిగవాడికి అంత భూమా అని ఊరి దొర కన్నెర్రజేస్తే అందులో 48 ఎకరాలు వదులుకోవాల్సి వస్తుంది. చివరికి మిగిలింది 2. దీన్ని సత్యనారాయణ గుండెలు బాదుకుంటూ చెప్పడు. లెక్క చెప్పి ముందుకు నడుస్తాడు. పిల్లల చదువు కోసం బాలయ్య పడ్డ పట్టుదల, రైల్వే క్వార్టర్స్‌లో దీపం వెలుగులో పుస్తకాలు - పుస్తకం నిండా పని, బదిలీ, ఫీజు, పరీక్ష ఇవే.

రెండిట్లోనూ భూమి పోయింది. ఒకరు వేదాంతంలో ఊరట వెతుక్కున్నారు, ఇంకొకరు రైలెక్కారు. ఎక్కడికి తేలుతుందో చదివి మీరే చూసుకోండి.

ఆడవాళ్ల జీవితాల మీద?

చలం ‘మైదానం’, చలం ‘స్త్రీ’ అని చాలామంది చెబుతారు. నిజానికి అవి జోడీ కాదు. ఒకే వాదాన్ని కథలోనూ వ్యాసంలోనూ పెట్టడం. విడివిడిగా చదువుకోండి. కందుకూరి వీరేశలింగం ‘స్వీయ చరిత్ర’ పక్కన గురజాడ ‘కన్యాశుల్కం’ పెడితే ఎంతో రసవత్తరంగా ఉంటుంది. అది నాటకమే, నవల కాదు, అయినా ఇక్కడ నియమం సడలిస్తున్నాం. 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించడానికి వీరేశలింగం పంతులుగారు పడిన పాట్లు స్వీయ చరిత్రలో ఉంటాయి. వంటవాళ్లు దొరక్కపోవడం, వెలివేతలు, పోలీసు బందోబస్తు. గిరీశం వితంతు వివాహాల మీద లెక్చర్లు దంచుతుంటే ఎంత నవ్వొస్తుందో, ఆ లెక్చర్ల వెనక నిజంగా కష్టపడిన మనిషి ఉన్నాడని తెలిసి చదివితే ఆ నవ్వు అంత పదునెక్కుతుంది.

ఒకే రచయిత రాసిన నవలా, ఆత్మకథా జోడీ అవుతాయా?

కొన్నిసార్లు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’తో పాటు ఆయన ఆత్మకథ ‘జీవనయానం’ చదివితే, నవలలోకి ఏం తెచ్చుకున్నారు, ఏం బయట వదిలేశారు అన్నది చూడటం సరదాగా ఉంటుంది. అది రచయితను చదవడం అవుతుంది గానీ విషయాన్ని చదవడం కాదు. రెంటికీ తేడా గుర్తుంచుకుంటే చాలు.

స్వాతంత్ర్యోద్యమం?

మహీధర రామమోహనరావు ‘కొల్లాయి గట్టితేనేమి?’, టంగుటూరి ప్రకాశం ‘నా జీవిత యాత్ర’. సహాయ నిరాకరణ పిలుపు వినగానే మద్రాసులో బారిస్టరు సంపాదన వదిలేసిన పెద్దమనిషి ఒకరు, కాలేజీ వదిలేసి కోనసీమకు తిరిగొచ్చిన కుర్రవాడు రామనాథం ఒకరు. ప్రకాశంగారి పుస్తకంలో ఉద్యమం పత్రికలు, సభలు, పదవుల మీదుగా నడుస్తుంది. నవలలో అదే ఉద్యమం అగ్రహారంలో మడి దగ్గరా, వంటింట్లోనూ పేచీ పెడుతుంది. ‘నా జీవిత యాత్ర’ చివరి భాగం రాసింది తెన్నేటి విశ్వనాథంగారు. చదువుతుంటే గొంతు మారినట్టు మీకే తెలుస్తుంది.

సంప్రదాయం, పాత పల్లెటూళ్ల మీద ‘వేయిపడగలు’ చదవాలనుంది. దాని పక్కన ఏం పెట్టుకోవాలి?

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’. వేరే ఆలోచనే వద్దు.

విశ్వనాథ సుబ్బన్నపేటలో కోట, గుడి, పొలం, కులవృత్తులు ఒకదానికొకటి ముడిపడి ఉన్న లోకాన్ని నిలబెట్టి, అది కూలిపోతుంటే కుమిలిపోతాడు. శ్రీపాదది కూడా అలాంటి లోకమే, వేదం, శాస్త్రం, యజ్ఞాల ఇల్లు. ఆ ఇంటి పిల్లాడు తెలుగు కవిత్వం మీద మోజు పడితే ఏమవుతుందో ఆయన చెబుతుంటే కడుపుబ్బ నవ్వుతాం. తిండి గురించి రాస్తే నోరూరుతుంది, సంభావనల గురించి రాస్తే డబ్బు లెక్కతో సహా రాస్తాడు. ఒకరు పోయినదానికి ఏడుస్తారు. ఇంకొకరు ఉన్నదాంట్లో ఎంత బాగుందో, ఎంత ఊపిరాడకుండా ఉందో రెండూ చెబుతారు. ‘వేయిపడగలు’ తెగ నచ్చినవాళ్లూ, అసలు నచ్చనివాళ్లూ ఇద్దరూ శ్రీపాదను చదివాక కొంచెం మెత్తబడటం చూశాను.

ఒక హెచ్చరిక. రెండూ పెద్ద పుస్తకాలు. పండగ సెలవుల్లో లాగించేద్దాం అనుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. శ్రీపాదను మధ్యమధ్యలో కొంచెం కొంచెంగా చదువుకోవచ్చు.

నవలలో చరిత్ర తప్పుగా ఉంటే? కొత్త పరిశోధన వచ్చి పాత నవలను కొట్టేస్తే?

అప్పుడే జోడీ మరింత పనికొస్తుంది. రాహుల్ సాంకృత్యాయన్ ‘ఓల్గా నుంచి గంగకు’ మన ఇళ్లల్లో రెండు తరాలు చదివారు. క్రీ.పూ. 6000లో ఓల్గా ఒడ్డున మొదలై 1942 దాకా సాగే 20 కథలు. నవల కాకపోయినా నవలలాగే చదువుతాం. దాని పక్కన టోనీ జోసెఫ్ ‘ఎర్లీ ఇండియన్స్’ (2018) పెట్టండి. పురాతన ఎముకల్లోని డీఎన్ఏ ఆధారంగా ఎవరు ఎప్పుడు ఇక్కడికొచ్చారో చెప్పే పుస్తకం. స్టెపీ గడ్డి మైదానాల నుంచి వలస వచ్చిందన్న మూల ఊహలో రాహుల్‌జీ చాలావరకు దారిలోనే ఉన్నారు. కానీ ఆ వచ్చినవాళ్ల కంటే ముందే ఇక్కడున్నవాళ్ల కథ ఎంత పొడుగో ఆయన పుస్తకంలో తెలియదు. 1940లలో జైల్లో కూర్చుని రాసిన మనిషికి డీఎన్ఏ తెలియకపోవడం తప్పు కాదు. ఆ కథలను చరిత్ర పాఠంగా అప్పజెప్పడం మాత్రం మన తప్పు.

నవలో నిజమో తెలియని పుస్తకాలుంటాయి కదా, వాటిని ఏ వైపు పెట్టాలి?

అలెక్స్ హేలీ ‘ఏడు తరాలు’ అలాంటిదే. తన వంశచరిత్రగా రాశాడు, చాలా భాగం కల్పన. తన ‘ది ఆఫ్రికన్’ నవల నుంచి కొన్ని భాగాలు తీసుకున్నాడని హెరాల్డ్ కూర్లాండర్ అనే రచయిత కోర్టుకెక్కితే 1978లో హేలీ రాజీ చేసుకున్నాడు కూడా. అయినా తెలుగు పాఠకుల మీద ఆ పుస్తకం వేసిన ముద్ర చిన్నది కాదు. నవల వైపే పెట్టండి, పక్కన ‘మా నాయన బాలయ్య’ లాంటి గట్టి ఆత్మకథ పెట్టండి. పి.వి. నరసింహారావు ‘లోపలి మనిషి’ కూడా నవల వైపే. పేర్లు మార్చినా ఎవరెవరో పోల్చుకోవచ్చు. కానీ నవల అని రాసినవాడు అన్నప్పుడు ఆ మాట గౌరవించాలి.

పెద్ద పిల్లలకు, ఇంటర్ చదివేవాళ్లకు ఏదైనా?

కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. చిన్న నవల. తప్పిపోయిన ఆడపంది కోసం ఓ ముసలివాడు రాత్రిపూట అడవిలోకి వెళ్తాడు, కథంతా అక్కడే. జోడీగా కెన్నెత్ ఆండర్సన్ వేట కథనాలు. ఆయన పుస్తకాల్లో తిరుపతి దగ్గరి మామండూరు, చామల లోయ కూడా వస్తాయి. చిత్తూరు వైపు అడవిని తుపాకీ ఉన్న దొర చూసిన తీరు, ఈటె తప్ప ఏమీ లేని పందులకాపరి చూసిన తీరు. పిల్లలు ఈ తేడాను మనం చెప్పకుండానే పట్టేస్తారు.

ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు అయితే ఫరవాలేదా?

బేషుగ్గా. చాలా జోడీలు అలాగే కుదురుతాయి.

ఈ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

విశాలాంధ్ర, నవచేతన, ప్రజాశక్తి దుకాణాల్లో, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దగ్గర చాలావరకు ఉంటాయి. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలు సరేసరి. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ ఒకసారి తిరగండి. దొరుకుతాయన్న గ్యారంటీ లేదు గానీ తిరగడం మాత్రం వృథా పోదు. మన దేశంలో రచయిత చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లకు కాపీరైటు తీరిపోతుంది. కాబట్టి కందుకూరి, ప్రకాశం, ఉన్నవ, శ్రీపాద రచనలు ఉచితంగా చదువుకోవచ్చు. తెలుగు వికీసోర్స్‌లో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లకు ఇదే తేలిక దారి. స్కాన్ కాపీల్లో అక్కడక్కడా పేజీలు మాయమై ఉంటాయి, మొదలుపెట్టే ముందే చివరిదాకా ఒకసారి తిప్పి చూసుకోండి.

నలుగురం కలిసి చదువుతున్నాం. చర్చ ఎలా నడపాలి?

‘మీకు ఏది నచ్చింది’ అని అడగొద్దు, చర్చ అక్కడే చచ్చిపోతుంది. నవలలో ఒక ఘట్టం పట్టుకుని, ఇది నాన్ ఫిక్షన్ రాసినవాడికి తెలిస్తే ఏమనేవాడు అని అడగండి. తర్వాత తిప్పి అడగండి. రెండు పుస్తకాలూ పూర్తి చేయనివాళ్లను కూడా కూర్చోనివ్వండి, కాకపోతే తీర్పులు చెప్పనివ్వొద్దు.

మాకు నచ్చిన విషయం మీద నాన్ ఫిక్షన్ దొరికింది గానీ నవల లేదు. ఏం చేయాలి?

కథల్లోకి వెళ్లండి. తెలుగువాళ్ల బలం అక్కడే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మీద వ్యాసాలు చదివారనుకోండి. ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించడం, రాష్ట్రంలో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, రెండేళ్లకే దాని సడలింపు ఇవన్నీ తెలుస్తాయి. దానికి తోడుగా రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ తీసుకోండి. అవి అంతకు ముప్పై ఏళ్ల కిందటి మద్యనిషేధం రోజులవి. రాసినవాడు విశాఖపట్నంలో ప్లీడరు. దొంగసారా అమ్మేవాళ్లు, పోలీసులు, సాక్షులు, కోర్టు గుమాస్తాలు ఆయనకు రోజూ ఎదురుపడే మనుషులు. ఉద్యమం నిషేధం కావాలంటుంది, కథలు నిషేధం వచ్చాక ఎవరి జేబు నిండిందో చూపిస్తాయి. ముందు వ్యాసాలు చదవండి, కథలు తర్వాత.